పేరు గొప్పా? పంచ్ గొప్పా?

నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరితే సినిమాలో, రాజకీయాలో, క్రికెట్టో తప్ప వేరే మాట ఉండదని లోకం అంటుంది. మా చంద్రపూర్‌లో మాత్రం 2022 నుంచి వీటికి నాలుగోది తోడైంది. అది బాక్సింగు. ఇక్కడి బొగ్గు గనుల్లో, థర్మల్ కేంద్రంలో, పక్కనున్న బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనికోసం ఏనాడో గోదావరి దాటి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. పెద్దవాళ్లు ఇప్పటికీ ఈ ఊరిని ‘చాందా’ అనే పిలుస్తారు. అలాంటి మనకు నిజామాబాద్ అమ్మాయి ప్రపంచ చాంపియన్ అయిందంటే మనింటి ఆడపిల్ల గెలిచినట్టే అనిపించడంలో వింతేముంది? ఆ రోజు మిఠాయి పంచనివారు లేరు.

ఆ మిఠాయి పంచినవారిలోనే కొందరు 2024 ఆగస్టు 1 తరువాత మాట మార్చారు. ఆనాడు పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ జరీన్ చైనాకు చెందిన వు యు చేతిలో 0-5 తేడాతో ఓడిపోయింది. ఇక చూడండి, మా ఆదివారపు కూటమి రెండుగా చీలిపోయింది.

గనిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మంచిర్యాల వైపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. “సార్, గా పిల్లను ఊకెనే ఎత్తిండ్రు. టీవీల చూపిందే చూపిండ్రు. ఆడికి పోయినంక ఏమైంది? సున్నాకు అయిదు! గదీ లెక్క.” ఆయన పక్షాన ఉన్నవారు పాత విషయాలన్నీ తవ్వి తీశారు. ప్రపంచ టైటిల్ గెలిచిన వెంటనే, ట్విట్టర్‌లో తన పేరు మోగుతోందా అని విలేకరులను అడగడం. సల్మాన్ ఖాన్ అభిమానినని బాహాటంగా చెప్పుకోవడం. ప్రభుత్వం 2022లో 2 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటిస్థలం ప్రకటించడం. వారి దృష్టిలో ఇదంతా హంగామా. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

రెండో పక్షానికి నాయకుడు ఒక స్కూలు మాస్టారు. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషిని ఒక్క ఓటమితో కొట్టిపారేస్తారా అని ఆయన కోపం. మధ్యలో నాతోపాటు బ్యాంకులో పనిచేసే మరాఠీ మిత్రుడు. ఆయనకు కుస్తీ తప్ప మరొకటి ఆనదు. “కుస్తీలో వీపు నేలకు తగిలితే చిత్. తగాదా లేదు. మీ బాక్సింగులో అయిదుగురు కూర్చుని చెప్పేది ఎలా నమ్మాలి?” అంటాడు.

నేను కామర్స్ చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఖాతాలు చూస్తున్నవాణ్ణి. అప్పు అడిగినవాడి చొక్కా చూసి మేము అప్పు ఇవ్వం. అలాగని ఒక్క నెల వాయిదా తప్పిందని తలుపూ మూయం. ఖాతా మొత్తం తిరగేస్తాం. నిఖత్ విషయంలోనూ అదే చేయాలని నాకనిపించింది. అందులో కనిపించినవి పాఠకుల ముందుంచుతున్నాను.

మొదటి పేజీ నిజామాబాద్‌లో

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. ముందు ఆమెను పరుగు పందేలకు తయారు చేశాడు. మైదానంలో అన్ని ఆటల్లోనూ అమ్మాయిలున్నారు, బాక్సింగులో మాత్రం ఎందుకు లేరని ఆ పిల్ల అడిగిందట. ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని తండ్రి చెప్పాడు. ఆ జవాబే ఆమెను రింగులోకి దించింది. మొదట శిక్షణ ఇచ్చినవారు శంసముద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా తరువాత ప్రపంచ పోటీల్లో పతకం గెలిచాడు. ఆపైన విశాఖపట్నంలో ద్రోణాచార్య గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర సాన పెట్టుకుంది.

2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. అప్పటికి ఆమెకు ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. 2017లో భుజం జారి శస్త్రచికిత్స అయ్యింది. చాలాకాలం ఆటకు దూరమైంది. ఆ రోజుల్లో ఏ టీవీ ఆమెను చూపించలేదు. అంటే పేరుకన్నా పదేళ్ల ముందే పని మొదలైందన్నమాట. ఖాతాలో జమ ముందు పడింది, ప్రచారం తరువాత వచ్చింది.

హంగామా ఎందుకు చేసింది?

ఆమె గట్టిగా మాట్లాడే మనిషి అన్న పేరు 2019లో వచ్చింది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు పంపే 51 కిలోల క్రీడాకారిణిగా, ట్రయల్ లేకుండానే మేరీకోమ్‌ను పంపాలన్న ఆలోచన వచ్చింది. మేరీకోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. ఆ స్థాయి మనిషి ముందు ఇరవై మూడేళ్ల అమ్మాయి లేచి, ట్రయల్ పెట్టండని క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. కొందరు దాన్ని పొగరన్నారు. ఒలింపిక్ స్వర్ణ విజేత అభినవ్ బింద్రా ఆమె కోరిక న్యాయమేనన్నాడు.

చివరికి 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీకోమ్ 9-1 తేడాతో గెలిచింది. పోటీ ముగిశాక ఆమె నిఖత్‌తో చేయి కలపలేదు. ఆ దృశ్యం దేశమంతా చూసింది.

మా ఓవర్‌మన్ గారు ఇక్కడ నవ్వుతారు. “అడిగి మరీ ఓడిపోయింది కదా!” అని. నిజమే, ఓడిపోయింది. కానీ ఆమె అడిగింది గెలుపును కాదు, పోటీని. ఆనాడు నోరు మూసుకుని ఉంటే ట్రయల్ ఉండేది కాదు. పెద్ద నగరం అండ, పెద్ద పేరు అండ లేని ఊరి పిల్లకు గొంతు పెంచడం కూడా ఒక పరికరమే. క్యూలో నిలబడి తన టోకెన్ నంబరు పిలవలేదని అడిగే ఖాతాదారును మేము గొడవ మనిషి అనుకోవచ్చు. అతని టోకెన్ మాత్రం సరైనదే కదా!

అయిదు-సున్నా అంటే ఏమిటి?

మా కూటమిలో సగం తగాదా ఈ అంకెలు సరిగా తెలియకపోవడం వల్ల వచ్చింది. కాబట్టి కాస్త వివరిస్తాను.

ఒలింపిక్ తరహా బాక్సింగులో మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు. ఒక్కో రౌండులో మెరుగ్గా ఆడినవారికి ప్రతి జడ్జీ 10 మార్కులు వేస్తాడు, రెండోవారికి 9 లేదా అంతకన్నా తక్కువ. మూడు రౌండ్లూ ఒకరివే అయితే 30-27. రెండు రౌండ్లు ఒకరికి, ఒకటి మరొకరికి అయితే 29-28. ఇలా ఎంతమంది జడ్జీల లెక్కలో గెలిస్తే అంత. 5-0 అంటే అయిదుగురూ ఒకరినే విజేత అన్నారని అర్థం. ఓడినవారికి ఒక్క దెబ్బా పడలేదని కాదు, వారు ఒక్క దెబ్బా కొట్టలేదనీ కాదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్ చూడండి. థాయిలాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుటామస్‌పై నిఖత్ 5-0తో గెలిచింది. కానీ అయిదుగురిలో ముగ్గురు వేసినవి 29-28. అంటే ఆ ముగ్గురి లెక్కలో ఒక రౌండు థాయ్ అమ్మాయిదే. మనం ఏకపక్షం అని మిఠాయి పంచిన పోటీ లోపల అంత హోరాహోరీగా నడిచింది. అలాగే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో నిఖత్ 2-3తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. ఒక్క జడ్జీ అటు మొగ్గితే ఫైనల్.

మాస్టారు ఈ లెక్క విని సంబరపడ్డారు. కుస్తీ మిత్రుడు మాత్రం, “అయితే 0-5 లోపల కూడా ఏముందో చూడాలన్నమాట” అన్నాడు. సరిగ్గా అదే నా మాట కూడా.

పారిస్‌లో ఏం జరిగింది?

ప్రపంచ పోటీల్లో ఆడవారికి 12 బరువు తరగతులుంటే పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్నవి 6. నిఖత్ చాంపియన్ అయిన 52 కిలోల తరగతి అక్కడ లేదు. 50, లేకపోతే 54. ఆమె 50 ఎంచుకుంది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో 50 కిలోల్లో స్వర్ణం గెలిచింది. 2023 మార్చి 26న ఢిల్లీలో అదే బరువులో వియత్నాంకు చెందిన న్గుయెన్ థి టామ్‌ను ఓడించి రెండోసారి ప్రపంచ చాంపియన్ అయింది. మేరీకోమ్ తరువాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన భారత మహిళ ఆమే.

అదే ఢిల్లీ పోటీల్లో 52 కిలోల స్వర్ణం గెలిచినది ఎవరనుకున్నారు? వు యు! ఆమె కూడా 50కి దిగి పారిస్ వచ్చింది. అక్కడ ఆమె మొదటి సీడు. నిఖత్‌కు సీడు లేదు. అందువల్ల ఒకే ఏడాది ప్రపంచ చాంపియన్లయిన ఇద్దరు చివరి పదహారు మందిలోనే తలపడ్డారు. నిఖత్ అంతకుముందు జులై 28న జర్మనీ అమ్మాయి మాక్సి క్లోట్జర్‌ను 5-0తో ఓడించి వచ్చింది. వు యు ముందు నిలవలేకపోయింది. ఆ వు యు చివరికి స్వర్ణమే గెలిచింది.

పోటీ తరువాత నిఖత్ కన్నీళ్లతో చెప్పిన సంగతి ఒకటుంది. బరువు అదుపులో ఉంచడానికి రెండు రోజులుగా సరిగా తిండి లేదు, నీళ్లు తాగలేదు అని. దీన్ని సాకు అన్నవారున్నారు. బరువు తగ్గించుకోవడం బాక్సర్లందరికీ ఉండేదే, వు యు కూడా పైబరువు నుంచి దిగిన మనిషే. కాబట్టి ఓటమికి పూర్తి కారణం అదేనని నేననను. అయితే ఆ మాటలో ఆమె ఆట గురించి ఒక కీలకముంది. దానికి బయటి ప్రపంచం వైపు ఒకసారి చూడాలి.

మెరుపు నిలిచేది కాళ్ల మీద

ఆర్భాటపు చాంపియన్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మహమ్మద్ అలీ. 1964 ఫిబ్రవరి 25న మయామీలో సోనీ లిస్టన్‌తో పోటీకి ముందు ఆయన చేసిన అల్లరి చూసి, ఇతను నోటితో తప్ప చేతితో గెలవలేడని చాలామంది తీర్మానించారు. పందేలు 7కు 1గా లిస్టన్ వైపే ఉన్నాయి. ఏడో రౌండుకు లిస్టన్ స్టూలు మీదినుంచి లేవలేదు! అదే అలీ 1980లో మాజీ చాంపియన్‌గా మద్రాసు వచ్చి, జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు.

బాక్సింగు పాఠాల ప్రకారం చేతులు ముఖం దగ్గర ఉండాలి. అలీ కిందికి వదిలేవాడు. దెబ్బ వస్తే తల వెనక్కి లాగేవాడు. గురువులు తప్పన్న పని అది. ఆయనకు మాత్రం తప్పు కాలేదు. కారణం కాళ్లు. ప్రత్యర్థి చేయి చాచేసరికి ఆయన అక్కడ ఉండేవాడు కాదు. 1967 నుంచి మూడున్నరేళ్లు ఆటకు దూరం చేశారు. తిరిగి వచ్చేసరికి ఆ కాళ్లు మందగించాయి. ఆ తరువాత ఆయన దెబ్బలు తప్పించుకోవడం తగ్గింది, తినడం ఎక్కువైంది.

ఇంగ్లండులో నసీమ్ హమీద్ అని మరొకడు. 1990ల్లో కేబుల్ టీవీ చూసినవారికి గుర్తుండవచ్చు. చిరుతపులి మచ్చల లాగులు, తాళ్ల మీదుగా పల్టీకొట్టి రింగులోకి దూకడం. 1995 సెప్టెంబరు 30న స్టీవ్ రాబిన్‌సన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. 2001 ఏప్రిల్ 7న లాస్ వేగాస్‌లో మెక్సికో బాక్సర్ బర్రెరా, తొందరపడకుండా ఓపికగా ఆడి, అతణ్ణి ఓడించాడు. ఆ తరువాత ఒక్క పోటీతో ఆట ముగించాడు. ఆడిన 37లో ఓడినది ఆ ఒక్కటే. అయినా ఆ ఒక్క రాత్రి చూపించి, “మొదటినుంచీ అంతా డాబే” అనే అభిమానులు నేటికీ ఉన్నారు. 2015లో అతనికి బాక్సింగు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

మన కోడి రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు తెంపి, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకుని సర్కస్‌లో ప్రదర్శనలిచ్చారు. అది ప్రదర్శన కాబట్టి బలం అబద్ధమని ఎవరైనా అన్నారా? ఏనుగు బరువు ఏనుగుదే కదా!

నాకు అర్థమైనది ఇది. మనం మెరుపు అని పిలిచేది చాలాసార్లు కంటికి కనబడే నేర్పే. దానికి మూలధనం వేరే చోట ఉంటుంది. అలీకి, నసీమ్‌కు అది కాళ్లలో, కంటి చురుకులో ఉంది. మూలధనం కరిగితే అదే మెరుపు లోపంలా కనిపిస్తుంది. నిఖత్ ఆట కూడా దూరం పాటిస్తూ, దెబ్బ వేసి పక్కకు జరిగే ఆట. నిలబడి మోదుకునేది కాదు. అలాంటి ఆటకు నీళ్లు లేని ఒంట్లో మొదట ఎండిపోయేవి కాళ్లే. పారిస్‌లో ఆమె పేరు బయటపడిపోలేదు. మూలధనం తగ్గిన రోజు, తనకన్నా బాగా ఆడిన మనిషి ఎదురైంది. రెండూ నిజమే.

జమ, ఖర్చు రెండూ

నికర లెక్క కోసం ఒక్క ప్రత్యర్థిని చూద్దాం. టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లు టోక్యోలోనూ, పారిస్‌లోనూ ఒలింపిక్ రజతం గెలిచిన బాక్సర్. 2022లో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో నిఖత్ ఆమెను ఓడించి స్వర్ణం తెచ్చింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్లో అదే చకిరోగ్లు నిఖత్‌ను 5-0తో ఓడించింది. మూడు నెలలు తిరక్కుండా నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం నిఖత్‌ది.

ఒలింపిక్ పతకం లేదు. అది ఖాతాలో పెద్ద ఖాళీయే, మాస్టారు ఒప్పుకోక తప్పదు. 2021లో ఆమెకు బ్యాంకు ఉద్యోగం, 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ పదవి వచ్చింది ప్రచారం చూసి కాదు, ఈ గెలుపులు చూసి. ఓవర్‌మన్ గారూ అది ఒప్పుకోవాలి.

మన మాటలు ఎవరు వింటున్నారు?

ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం చెప్పాలి. మా కాలనీలో గనిలో డంపర్ నడిపే ఒకాయనకు తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. నిఖత్‌ను చూసి బాక్సింగు మొదలుపెట్టింది. బయటి ఊళ్ల పోటీలకు పంపడానికని తండ్రి రికరింగ్ డిపాజిట్ కడుతున్నాడు. పారిస్ తరువాత ఒక సోమవారం ఆయన పాస్‌బుక్కు పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. “ఖాతా మూసేయుండ్రి సార్. అంత పెద్ద చాంపియనే ఉత్త ప్రచారమని మీ మీటింగుల అంటున్నరట. ఇగ మా పిల్ల ఎంత?” అన్నాడు.

ఖాతా ఆయనది, మూయమంటే మూయాలి. అయితే గడువుకు ముందు మూస్తే వడ్డీ ఎంత తగ్గుతుందో మొదట చెప్పాను. తరువాత ఈ వ్యాసంలో రాసిన లెక్కే కాగితం మీద వేసి చూపించాను. 5-0 అంటే ఏమిటో, వు యు ఎవరో, 2019లో ఓడిన అమ్మాయి 2022లో ఏం చేసిందో. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇది పిల్లకు చూపిస్త సార్” అని వెళ్లాడు. మూసే ఫారం మాత్రం నింపలేదు. ఆ పిల్ల తరువాతి పోటీలో రెండో రౌండులో ఓడింది. మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసుకు వెళ్లింది. వాయిదాలు నెలనెలా వస్తున్నాయి.

అభిమానులమన్నాక వాదించుకోవాలి. వాదన లేని ఆట ఉప్పులేని పప్పు. ఓవర్‌మన్ గారు, మాస్టారు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఉండాలి కూడా. కాకపోతే మన ఆదివారపు మాటలు గోడల దగ్గరే ఆగవు. ఇళ్లకు వెళతాయి, వంటింట్లో వినబడతాయి, ఎవరి పిల్లల చేతి గ్లవ్స్ మీదో పడతాయి. ఒక క్రీడాకారిణి పేరు గొప్పదా, ఆట గొప్పదా అని తేల్చేముందు ఎవరితో ఆడింది, ఏ బరువులో ఆడింది, ఓడిన తరువాత ఏం చేసింది అని మూడు ప్రశ్నలు వేసుకుందాం. జవాబు మనకు నచ్చినా నచ్చకపోయినా, అది లెక్కకు నిలబడేదిగా ఉంటుంది. ఈసారి సంఘం వార్షికోత్సవంలో ముగ్గుల పోటీ, పాటల పోటీలతోపాటు మన పిల్లల బాక్సింగు ప్రదర్శన కూడా పెడితే ఎలా ఉంటుందో కార్యవర్గం వారు ఆలోచించగలరు. జడ్జీలుగా అయిదుగురు కావాలి. ఓవర్‌మన్ గారి పేరు నేనే సూచిస్తున్నాను.